ఎలక్ట్రానిక్స్, రెండో భాష, బాలింతల మానసిక ఆరోగ్యం: మూడింటినీ కలిపి పరిశోధన చేయవచ్చా?

చేయవచ్చు. నేను చేశాను, సగం చెడగొట్టుకున్నాను కూడా.

ఎలక్ట్రానిక్స్ చదివి, భాషలు నేర్చుకోవడం మీదా తల్లుల మనస్థితి మీదా ఆసక్తి పెంచుకున్న మీరు "మూడు పడవల మీద కాళ్ళు పెడుతున్నానా?" అని అడిగారు. మూడు అంశాలను పక్కపక్కన పేర్చి దానికి పరిశోధన అని పేరు పెడితే మునగడం ఖాయం. మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా జవాబు దొరకని ప్రశ్న పట్టుకోండి, అప్పుడు ఉండేది ఒకే పడవ. నాకు అలాంటి ప్రశ్న అనుకోకుండా ఎదురైంది.

నేను మొదట చేరింది సర్క్యూట్ తయారు చేసే మనిషిగా మాత్రమే. బాలింతలతో మాట్లాడే ఒక చిన్న బృందానికి చర్మ వాహకత కొలిచే పరికరం కావలసి వచ్చింది. మనసు కలవరపడితే అరచేతుల్లో, అరికాళ్ళలో స్వేదగ్రంథులు చురుకవుతాయి, చర్మం గుండా విద్యుత్తు కాస్త తేలికగా పారుతుంది. వేళ్ళకు రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి, మధ్యలో 0.5 వోల్టు స్థిరంగా ఉంచి, పారే కరెంటు చూస్తే సరి. బడి పిల్లల ప్రాజెక్టులా వినిపిస్తుంది కదా? నేనూ అలాగే అనుకుని మైక్రోకంట్రోలర్‌లో (పరికరాన్ని నడిపే చిన్న చిప్‌లో) ఉండే 10 బిట్ల కన్వర్టర్‌తో, అంటే కొలతను అంకెల్లోకి మార్చే భాగంతో, పని కానిచ్చేశాను.

దెబ్బ అక్కడే తిన్నాను. చర్మ వాహకత సాధారణంగా 2 నుంచి 20 మైక్రోసీమెన్స్ (వాహకతను కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. ఒక మాట విన్నప్పుడు వచ్చే స్పందన మాత్రం 0.05 మైక్రోసీమెన్స్ అంత చిన్నది కావచ్చు. 10 బిట్లంటే 1024 మెట్లే; 20ని అన్ని భాగాలు చేస్తే ఒక్కో మెట్టు ఇంచుమించు 0.02. అంటే మేము వెతుకుతున్న స్పందన ఎత్తు రెండు మూడు మెట్లు! నున్నటి గీత రావలసిన చోట తెర మీద మెట్లు కనిపించాయి. 16 బిట్ల కన్వర్టర్ పెట్టాక గాని దారికి రాలేదు. గుండె పరీక్షకు వాడే ఈసీజీ జెల్ పూయడం ఇంకో తప్పు. దాని వాహకత మరీ ఎక్కువ, కొలతను పెంచేస్తుంది. చెమటలోని ఉప్పుకు దగ్గరగా ఉండే పలుచని జెల్ కావాలి. అన్నట్టు, మనిషికి తగిలించే పరికరం బ్యాటరీ మీదే నడవాలి, ఛార్జరుకు కలిపి ఉన్న ల్యాప్‌టాప్‌కు తీగతో కలపకండి. ఇందులో బేరం లేదు.

తరువాతి పాఠం పసిబిడ్డలు నేర్పారు. ఒడిలో బిడ్డ ఉన్న తల్లిని వేళ్ళు కదపవద్దంటే ఎలా కుదురుతుంది? జోకొట్టినప్పుడల్లా గీత ఎగిరేది. దాన్ని మేము రెండు రోజుల పాటు "భావోద్వేగం" అని రాసుకున్నాం. ఎలక్ట్రోడ్లను అరికాలికి మార్చాక, కదలికను కొలిచే చిన్న సెన్సర్ కూడా పక్కనే పెట్టాక కొంత నయమైంది.

అసలు విషయం భాష. బృందం వాడినది ఎడిన్‌బరో ప్రసవానంతర కుంగుబాటు కొలమానం. 1987లో వచ్చింది. 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30; గడిచిన ఏడు రోజుల గురించే అడుగుతుంది. 13 లేదా అంతకు మించి వస్తే నిపుణులకు చూపించాలన్నది చాలాచోట్ల పాటించే లెక్క. మేము దాన్ని ఇంగ్లీషులోనే ఇచ్చాం, అక్కడి తల్లులలో చాలామందికి అది పెద్దయ్యాక నేర్చుకున్న భాష. ఆరో ప్రశ్నలో ఒక ఇంగ్లీషు నుడికారం ఉంది. మాటకు మాట అర్థం చెప్పుకుంటే "వస్తువులు నా మీదికి ఎక్కుతున్నాయి" అని వస్తుంది. ఒకావిడ దాన్ని అలాగే చదువుకుని "అలాంటిదేమీ లేదు" అని సున్నా వేసింది. అదే విషయాన్ని ఆమె సొంత భాషలో, "పనులన్నీ నెత్తిన పడి ఊపిరాడడం లేదా?" అన్నట్టుగా అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం వెనక్కి అడిగి తీసుకుంది.

అప్పటికి 2003లో హారిస్, ఐచిచెయి, గ్లీసన్ అనే పరిశోధకులు చేసిన పని నేను చదవలేదు. టర్కిష్ మాతృభాషగా ఉండి ఇంగ్లీషు తరువాత నేర్చుకున్నవారికి రెండు భాషల్లో మాటలు చూపించి, వినిపించి చర్మ వాహకత కొలిచారు. చిన్నప్పుడు పెద్దలు మందలించే తరహా మాటలకు టర్కిష్‌లో స్పందన ఎక్కువ, ఇంగ్లీషులో తక్కువ. మాతృభాషలో తిట్టు చర్మానికి తగులుతుందన్న మాట. మరి రెండో భాషలో "నిన్ను నువ్వు నిందించుకున్నావా?" అని అడిగితే బాలింత లోపల ఏమి కదులుతుంది? మూడు రంగాలూ ఈ ప్రశ్న దగ్గర కలిశాయి.

కానీ ఇందులో ఒక గోతి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. రెండో భాషలో మాట్లాడడమే ఒక ఆందోళన. హార్విట్జ్ అనే పరిశోధకురాలు, ఆమె సహపరిశోధకులు 1986లోనే దీనికి 33 అంశాల కొలమానం ఇచ్చారు. రెండో భాష భావాన్ని మొద్దుబారిస్తే గీత కిందికి, తప్పు మాట్లాడతానన్న భయం వేస్తే గీత పైకి. రెండూ ఒకే తీగ మీద ప్రయాణిస్తాయి. అందుకే ప్రతి భాషలోనూ ముందు భావరహితమైన ప్రశ్నలు అడిగి, ఆ భాషకు సంబంధించిన మూలరేఖ (పోల్చి చూసుకునే మామూలు స్థాయి) గీసుకోవాలి. నేర్చుకున్న వయసు కూడా రాసుకోండి, చిన్నప్పుడే నేర్చుకున్నవారిలో ఈ తేడా తగ్గుతుంది.

ఇంకొకటి. "కుంగుబాటును కనిపెట్టే పరికరం" అని ప్రతిపాదనలో రాయకండి. చర్మం ఉద్రేకాన్ని చూపిస్తుంది గాని అది దుఃఖమో, భయమో, ఇప్పుడే బిడ్డ నవ్విందో చెప్పదు. పైగా కుంగుబాటులో ఉన్నవారిలో చర్మ వాహకత తక్కువగా ఉంటుందని చాలా పరిశోధనల్లో తేలింది. నిశ్చలంగా ఉన్న గీతను చూసి "ఈమె ప్రశాంతంగా ఉంది" అనుకోవడమంత ప్రమాదం మరొకటి లేదు.

ఏది ముందు మొదలు పెట్టాలి అని కూడా అడిగారు. సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పు అయినవారిలో సుమారు 13 శాతం మంది ముఖ్యంగా కుంగుబాటు రూపంలో మానసిక సమస్య ఎదుర్కొంటారు. మీ ముందు కూర్చునే తల్లుల్లో వాళ్ళు ఉంటారు. ఆ కొలమానంలో పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి "అప్పుడప్పుడూ" అని వచ్చినా మొత్తం మార్కులతో పని లేదు, అదే రోజు ఆమెను నిపుణులు చూడాలి. ఎవరికి ఫోను చేయాలి, ఆమె భాష వచ్చిన మనిషి ఆ గంటకు ఎక్కడ ఉంటారు, బిడ్డను ఎవరు పట్టుకుంటారు అన్నవి ముందే కాగితం మీద ఉండాలి. నైతిక అనుమతి తెచ్చుకుని, మనోవైద్యుడు ఒకరు, ఆ తల్లుల భాష పుట్టుకతో వచ్చినవారు ఒకరు బృందంలో ఉన్నాక సర్క్యూట్ గురించి అడగండి. నేను చేసిన రెండో నమూనా సర్క్యూట్ బొమ్మ ఉంది, పెడతాను.