రష్యా ఆయిల్‌కీ మన రొయ్యకీ ఏంటి సంబంధం?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గరండి, ఆరెకరాలు లీజుకి తీసుకుని వనామీ రొయ్య వేస్తన్నాం. 2025 ఆగస్టులో రేపు పట్టుబడి (చెరువులో రొయ్య పట్టడం) అనగా కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి అమెరికా టాక్స్ 50 శాతం చేసిందండి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేటు తగ్గించాం అన్నారు. రష్యా ఆయిల్ కొన్నామని వేశారంట. ఆయిల్ ఎవరో కొంటే దెబ్బ నా చెరువుకేంటండి? పైగా అమెరికాతో యుద్ధం చేసిన వియత్నాంకి అప్పుడు 20 శాతమేనంట, ఇదేం లెక్క?

జవాబు: మీ ఉత్తరం చదివి బాధేసిందండి. అర్ధరాత్రి గట్టు మీదకెళ్ళి టార్చిలైటు వేసి రొయ్య మేత తిందో లేదో చూసే చెక్ ట్రే లేపి చూసుకునే మనిషికి వాషింగ్టన్‌లో పెట్టిన సంతకంతో రేటు పడిపోవడం ముమ్మాటికీ అన్యాయమే.

ముందు 25 శాతం ఆగస్టు 7 నుంచి వేశారు, రష్యా ఆయిల్ పేరు చెప్పి ఇంకో 25 ఆగస్టు 27 నుంచి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవకముందు మనం రష్యా దగ్గర కొనేది నామమాత్రం, తర్వాత చవగ్గా వస్తుందని మన ఆయిల్ దిగుమతుల్లో మూడో వంతు దాకా వెళ్ళింది. టాక్స్ కట్టేది అక్కడ సరుకు దించుకునేవాడే, కానీ వాడు ఎక్స్‌పోర్ట్ కంపెనీ మీదకి తోస్తాడు, కంపెనీ మీ మీదకి తోస్తుంది, మీకేమో తోయడానికి ఇంకెవరూ లేరు.

మరి చైనా కూడా రష్యా ఆయిల్ బోలెడంత కొంటది కదా, దానికి ఈ జరిమానా ఎందుకు పడలేదంటే వాళ్ళ చేతిలో మోటార్లకీ ఎలక్ట్రానిక్స్‌కీ కావలసిన రేర్ ఎర్త్ ఖనిజాలున్నాయి, అవి ఆపితే అమెరికా ఫ్యాక్టరీలకి ఇబ్బంది. మన రొయ్య ఆపితే వాళ్ళు ఈక్వడార్‌లో కొనుక్కుంటారు, అదీ తేడా.

వియత్నాం సంగతి మాత్రం మనోళ్ళందరూ తెలుసుకోవాలండి. 1975లో యుద్ధం అయిపోయాక కూడా అమెరికా ఆ వియత్నాంతో ఏళ్ళ తరబడి వ్యాపారం బంద్ పెట్టింది. వాళ్ళు కాంబోడియా నుంచి సైన్యాన్ని వెనక్కి తెచ్చుకున్నారు, యుద్ధంలో తప్పిపోయిన అమెరికా సైనికుల అవశేషాలు వెతికి అప్పగించడానికి సాయపడ్డారు, అలా 1994లో ఆంక్షలు పోయాయి, 1995లో సంబంధాలు కలిశాయి. 2023లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ వాళ్ళ రాజధాని హనోయ్ వెళ్తే, మరుసటేడాది పుతిన్ కూడా అక్కడికే వెళ్ళాడు, ఇద్దరికీ కుర్చీ వేశారు! దీన్ని వాళ్ళు వెదురు దౌత్యం అంటారు, తుఫానుకి మన గట్ల మీద వెదురు వంగుద్ది గానీ వేరు వదలదు చూడండి, అలాగన్నమాట. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ 46 శాతం అనగానే రెండ్రోజుల్లో వాళ్ళ పార్టీ పెద్ద తో లామ్ నేరుగా ఫోన్ చేసి మీ సరుకు మీద మేం సున్నా చేస్తాం అన్నాడు, జులైకి 20కి దిగింది.

మనం అలాగే అమెరికా సరుకు మీద పన్ను సున్నా అనాలా అంటే, పాడి రైతుకీ మొక్కజొన్న రైతుకీ దెబ్బ తగలకుండా అది కుదరదు, అందుకని నేను అనను. కానీ ఒక్క దేశాన్ని నమ్ముకుని చెరువు నింపడం మాత్రం మానాలి. బ్రిటన్‌తో 2025 జులై 24న వ్యాపార ఒప్పందం మీద సంతకాలయ్యాయి, యూరప్ కూడా పెద్ద మార్కెట్టే, కాకపోతే వాళ్ళు యాంటీబయాటిక్ అవశేషాలు చాలా గట్టిగా చూస్తారు కాబట్టి ఈ పంట నుంచే ఏ మందు ఎప్పుడు వేశారో, మేత ఏ బ్యాచ్‌దో ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసిపెట్టుకోండి, సీడ్ (రొయ్య పిల్లలు) కొన్న బిల్లు కూడా అందులోనే పెట్టండి.