రెండు వంపుల్లో 6 ఎంఎం ఎక్కడ్నుంచి వచ్చింది?

ప్రశ్న: మాది తణుకు సార్, చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. ట్రాలీలకి యూ ఆకారం హ్యాండిళ్ళు 60 ఆర్డరొచ్చింది. ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) పైపు, బయటి కొలత 25.4 ఎంఎం, గోడ మందం 1.6. కాళ్ళు రెండూ బయటి కొలతకి 600, వెడల్పు 400. డై (పైపుని చుట్టి వంచే గుండ్రటి అచ్చు) రేడియస్ పైపు సెంటర్‌కి 75. మొదట మూడూ కూడి 1600 కోసి వంచితే 120 దాకా ఎక్కువొచ్చింది. తర్వాత తెలిసినాయన ఫార్ములా చెప్తే 1485 కోశాను. ఇప్పుడు మొదటి కాలు సరిగ్గా 600, వెడల్పు 403, రెండో కాలు 603 వస్తున్నాయి. మూలమట్టం పెట్టి చూశాను, 90 కరెక్టుగానే ఉంది. పైపు నిజంగా సాగుతోందా? ఎంత సాగుతుందో ముందే లెక్క కట్టొచ్చా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మూడు కొలతలూ విడివిడిగా రాసి పంపారు, చాలా మంచి పని చేశారు. మొత్తం మీద 6 ఎక్కువొచ్చిందని మాత్రమే రాసుంటే కోతలో తేడానో టేపులో తేడానో అనుకునేవాణ్ణి, కానీ మొదటి కాలు కరెక్టుగా ఉండి వెడల్పులో 3, రెండో కాలులో 3 వచ్చిందంటే ఒక్కో వంపు దగ్గర 3 చొప్పున పైపు నిజంగానే సాగిందన్నమాట, మొదటి కాలు, పైపుని డైకి బిగించే క్లాంపు ముందే ఉండిపోతుంది కాబట్టి దానికి ఏమీ కాలేదు, సాగినదంతా వెనక్కి జరుగుతూ పోయింది.

ముందు 1600కీ 1485కీ మధ్య ఉన్న ఆ 115 సంగతి చూద్దాం, ఎందుకంటే షాపుల్లో చాలామంది దాన్ని కూడా సాగడం అనే అంటారు, అది సాగడం కాదు. బయటి కొలతలు కూడినప్పుడు పైపు మూల దాకా వెళ్ళి అక్కడ తిరిగినట్టు లెక్కేస్తున్నాం, నిజానికి పైపు మూలదాకా పోదు, అడ్డదారిన గుండ్రంగా తిరిగిపోతుంది. మీ డై మీద 90 డిగ్రీల వంపు పొడవు 75 ఇంటూ 1.5708 (పై విలువలో సగం), అంటే 117.8. అదే మూలదాకా వెళ్ళొస్తే బయటి కొలతలో ఒక్కో పక్క 75కి పైపులో సగం 12.7 కలిపి 87.7, రెండు పక్కలా 175.4. తేడా 57.6. వంపుకి అంత తీసెయ్యాలి, రెండు వంపులకి 115.2, 1600లోంచి తీస్తే 1484.8. మీకు ఫార్ములా చెప్పినాయన తప్పేం చెప్పలేదు, పుస్తకం లెక్క అదే.

ఇప్పుడు ఆ 6. పైపు వంగేటప్పుడు బయటి గోడ ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి సాగుతుంది, లోపలి గోడ నొక్కుకుని మందమవుతుంది, ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఒక గీత సాగదు, నొక్కుకోదు. పుస్తకం లెక్క ఆ గీత పైపు నడిమధ్యలో ఉందనుకుంటుంది. కానీ కొలతల్ని బట్టి మీది డై తిరుగుతూ పైపుని లాక్కునే మిషను. ముందు క్లాంపు లాగుతుంటే వెనక ప్రెజర్ డై బిగించి పట్టుకునుంటుంది, పైపు నలగకుండా లోపల పెట్టే కడ్డీ, అదే మాండ్రిల్, ఉంటే అదీ రాసుకుంటూ ఆపుతుంది, అంటే పైపు వంగడంతో పాటు లాగబడుతోంది కూడా. అందుకే ఆ సాగని గీత లోపలి గోడ వైపు జరుగుతుంది. మీ లెక్కలో చూడండి, 117.8 పొడవున్న వంపు తయారవడానికి అసలు పైపు 114.8 మాత్రమే ఖర్చయింది. 114.8ని 1.5708తో భాగిస్తే 73.1. అంటే గీత 75 దగ్గర లేదు, దాదాపు 2 ఎంఎం లోపలికి పోయింది. నడిమధ్యలో సాగుడు 2.6 శాతం.

మరి ఈ 2 ఎంఎం ముందే ఫార్ములాతో వస్తుందా అంటే, నా అనుభవంలో నమ్మేటట్టు రాదు. ప్రెజర్ డై ఎంత బిగించారు, నూనె ఎంత రాశారు, మాండ్రిల్ ఎంత ముందుకి పెట్టారు, పైపు ఏ లాటు (ఒకేసారి తయారైన సరుకు), వీటన్నిటి మీదా ఉంటుంది అది. హైదరాబాద్ బాలానగర్‌లో పనిచేసే రోజుల్లో పొద్దున సరిగ్గా వచ్చిన పీసు మధ్యాహ్నం 1 ఎంఎం ఎక్కువ రావడం నా కళ్ళతో చూశాను, ముడతలు పడుతున్నాయని కుర్రాడు ప్రెజర్ డై ఇంకో అర చుట్టు బిగించాడు, అంతే. కాబట్టి మీ మిషన్ నంబరు మీ మిషన్నే అడగాలి.

అదెలాగంటే, అదే లాటు పైపులోంచి 500 ముక్క రెండు కొనలూ తిన్నగా కోసి, కోసిన అంచున మిగిలే పదును (బర్) తీసేసి, పొడవు ఇంకోసారి కొలిచి రాసుకోండి. మధ్యలో 90 వంచండి. ఎస్‌ఎస్ వదిలేశాక వెనక్కి తెరుచుకుంటుంది కదా, కోణం సరిగ్గా 90కి వచ్చాకే కొలవాలి, 600 కాలు మీద ఒక్క డిగ్రీ తేడా ఉన్నా కొన దగ్గర 10 ఎంఎం పక్కకి పోతుంది. తర్వాత ఒక్కో కాలు బయటి కొలత తీసి రెండూ కూడండి. మీ మిషన్ మీద 560.6 దగ్గర రావాలి. అందులోంచి 500 తీసేస్తే 60.6, ఇదే మీ వంపుకి తీసెయ్యాల్సిన అసలు కొలత, పుస్తకం చెప్పిన 57.6 కాదు. రెండు వంపులకి 121.2 తీస్తే కోత పొడవు 1478.8, మీరు 1479 కోసుకోండి. మూడు ముక్కలు వంచి సగటు తీసుకుంటే ఇంకా నయం.

కోత పొడవు ఒక్కటే తగ్గించి ఊరుకుంటే మాత్రం వెడల్పు 403 అలాగే ఉంటుంది, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రెండో వంపు గీత కూడా జరపాలి. మొదటి వంపు మొదలయ్యేది కొన నుంచి 512.3 దగ్గర (600లోంచి 87.7 పోగా), అది కదపొద్దు. రెండోది ఇప్పుడు పుస్తకం లెక్కతో 854.7 దగ్గర గీస్తూ ఉంటారు, దాన్ని మొదటి వంపులో సాగిన 3 తగ్గించి 851.7కి తెచ్చుకోండి. మార్కర్ గీత మందమే 1 ఎంఎం ఉంటుంది, గీత ఏ అంచుకి డై ఆనించాలో పనివాళ్ళందరికీ ఒకేలా చెప్పండి.

60 పీసులూ ఒకేసారి కోసెయ్యొద్దు దయచేసి. ఒకటి వంచి మూడు కొలతలూ చూసుకున్నాక మిగతావి కొయ్యండి, ఎస్‌ఎస్ తూకం మీద కొంటున్నాం, 60 పీసులు స్క్రాపులో పడితే మీ లాభం అందులోనే పోతుంది.

ఇంకోటి, బయటి గోడ ఎంత సాగుతుందో మాత్రం లెక్కతో దగ్గరగా వస్తుంది. పైపులో సగాన్ని రేడియస్‌తో భాగించడమే, 12.7 బై 75, దాదాపు 17 శాతం. 1.6 గోడ అక్కడ 1.37 దగ్గరికి పలచబడుతుంది, పైన చెప్పిన లాగుడు వల్ల ఇంకాస్త తగ్గొచ్చు కూడా. 304 రేకుకి కనీసం 40 శాతం సాగే గుణం ఉండాలని స్టాండర్డు, మీకు భయం లేదు. కానీ రేపు ఎవరైనా వంపు చిన్నగా కావాలని 38 రేడియస్ అడిగితే అది 33 శాతానికి పోతుంది, అప్పుడు పైపు వెల్డింగ్ కుట్టు బయటి వైపుకో లోపలి వైపుకో రాకుండా పక్కకి, అంటే తక్కువ సాగే చోటికి తిప్పి పెట్టండి.

ప్రశ్న: ఒకించి జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) పైపులో ఇసుక నింపి గ్యాస్‌తో కాల్చి చేత్తో వంచుతాం. దీనికీ ఇదే లెక్కా?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వంపు పొడవు లెక్క అదే, కానీ ఒకించి జీఐ అంటే బయటి కొలత 25 కాదు, 33.7, లెక్కలో అది వెయ్యండి. కాల్చినప్పుడు ఎర్రగా ఉన్న చోటే ఎక్కువ సాగుతుంది కాబట్టి ప్రతి పీసుకీ మారుతుంది, కొనల దగ్గర పొడవు ఎక్కువ ఉంచుకుని వంచాక కోసుకోవడమే దారి. లెక్క కన్నా ముఖ్యమైన సంగతులు రెండున్నాయి. ఇసుకని పెనం మీద బాగా వేయించి చల్లార్చాకే నింపండి, తడి ఉంటే లోపల ఆవిరి పట్టి కొనకి కొట్టిన బిరడా తుపాకీ గుండులా ఎగురుతుంది. రెండోది జీఐ మీద ఉన్న జింక్, అది 420 డిగ్రీల దగ్గర కరిగి 907కి ఆవిరైపోతుంది, ఆ తెల్లపొగ పీల్చినవాళ్ళకి సాయంత్రానికి చలీ జ్వరం వస్తాయి. పాలు తాగితే పోతుందని షాపుల్లో అంటారు, పాలు ఆ పొగని ఆపవు. పూత లేని నల్లపైపు కొని, వంచాక గాల్వనైజింగ్ చేయించండి.