కాలేజీ సర్వే కాలవ దాకా వెళ్లాలంటే

ప్రశ్న: కార్తీకం వానలకు మా వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి. మొన్న వేసవిలో డిగ్రీ పిల్లలు ఇంటింటికీ వచ్చి ఫారాలు నింపుకొని వెళ్లారు. తర్వాత ఏ కబురూ లేదు. మళ్లీ వస్తే పనికొచ్చేది ఏం చేయించుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వాళ్లు వచ్చింది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద అయ్యుంటుంది. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది అయ్యాక 180 గంటలు ఆ పని చేయాలి, అందుకు 4 క్రెడిట్లు (డిగ్రీలో లెక్కకొచ్చే పాయింట్లు). అన్ని గంటలూ 'మీ సమస్యలేమిటి' అని అడగడానికే పోతే ఎంత నష్టం! నీళ్లు నిలుస్తాయని కార్పొరేషన్‌కు తెలుసు. కాలవ ఎక్కడ ఎత్తయిందో ఎవరూ రాసిపెట్టలేదు. అది కొలవమనండి.

మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, టేపు, సుద్దముక్క చాలు. పైపులో నీళ్లు నింపి, బుడగ లేకుండా చూడాలి. బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. కాలవలో 10 మీటర్ల దూరంలో ఇద్దరు చెరో కొస పట్టుకుంటే, మూడోవారు నీటి గీత నుంచి కాలవ అడుగుకు ఎన్ని సెంటీమీటర్లో కొలవాలి. ముందు పూడిక గీకాలి, లేకపోతే కొలిచేది కాలవను కాదు, బురదను. పూడిక మందం విడిగా రాయాలి. నీరు పోవాల్సిన వైపు కొలత 10 మీటర్లకు 3 సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంటే వాలు బాగున్నట్టే. తగ్గిందంటే అక్కడ ఎదురు వాలు. ఎంత పూడిక తీసినా నీళ్లు వెనక్కే వస్తాయి. కల్వర్టు తూము వ్యాసం, పాత సిమెంటు రోడ్డు మీదే కొత్తది పోసినచోట ఇంటి గడప కన్నా రోడ్డు ఎంత ఎత్తుందో కూడా రాయించండి. మూత ఉన్న మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవర్నీ దిగనివ్వొద్దు, విషవాయువు ప్రాణం తీస్తుంది.

అయితే ఇది సగం పనే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ప్రాజెక్టు నడిచేది వేసవిలో. అందుకే అదే కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌ను జూలైలోనే కలవండి. వలంటీర్లకు ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది. వాన వెలిశాక గోడల మీద నీటి మరక ఎత్తు, తేదీ, నీళ్లు పోవడానికి పట్టిన గంటలు రాసి, వేసవి కొలతలతో గీసిన వీధి పటం మీదే గుర్తించాలి. 2015, 2021 నవంబరు వరదల మరకలు మిగిలి ఉంటే అవీ కొలవండి. గుర్తున్నవాళ్లను విడివిడిగా అడగండి. పక్కపక్కన కూర్చోబెడితే ఒకరి మాటే అందరిదీ అవుతుంది.

కాలేజీతో ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి: కొలతల కాపీ తెలుగులో కాలనీకి ఇవ్వాలి, కులం, ఆదాయం, ఫోన్ నంబర్లు అడగకూడదు.

ప్రశ్న: మా కొలతలు చూపిస్తే 'పిల్లలు తీసినవి చెల్లవు' అంటే?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: అనకముందే వార్డు సచివాలయంలో రోడ్లు, కాలవలు చూసే అమెనిటీస్ సెక్రటరీని, కార్పొరేషన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరు) పిలిచి మూడు చోట్ల వాళ్ల ఎదుటే మళ్లీ కొలిపించి, ఆ కాగితం మీద సంతకం తీసుకోండి. కొత్త బడ్జెట్ ఏప్రిల్ నుంచి కాబట్టి, పటంతో సహా అర్జీ డిసెంబరు ఆఖరుకు కమిషనర్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో ఇవ్వండి. ఆ పనికి ఎస్టిమేటు వేశారా అని సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.