న్యాయ సందేహాలు: వాట్సాప్ నోటీసు, కస్టడీ గడువు, తెల్లకాగితంపై సంతకం

ప్రశ్న: నా వయసు 64. పొలం గట్టు తగాదాలో మా తమ్ముడి కొడుకు నాపై ఫిర్యాదు ఇచ్చాడు. అతని పొలంలోకి అక్రమంగా ప్రవేశించాననీ, ట్రాక్టరును అడ్డుకున్నాననీ కేసు కట్టారు. వాట్సాప్‌లో నోటీసు పంపి స్టేషన్‌కు రమ్మన్నారు. ఆ సమయంలో పొలంలోనే ఉన్న నా భార్యను కూడా సాక్షిగా తీసుకురమ్మంటున్నారు. వెళితే అరెస్టు చేస్తారా?
– ఒక రైతు, సత్తెనపల్లి

జవాబు: మీకు పంపినది భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 35(3) సెక్షన్ కింద ఇచ్చే హాజరు నోటీసు అయి ఉంటుంది. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో ఈ సంహిత అమల్లోకి వచ్చింది. ఇన్నాళ్లూ 41ఏ నోటీసు అని మనం వింటూ వచ్చినదే ఇప్పుడు కొత్త నంబరుతో వస్తోంది. అరెస్టు అవసరం లేదనుకున్న సందర్భంలోనే పోలీసులు ఈ నోటీసు ఇవ్వాలి. దాని ప్రకారం మీరు హాజరవుతున్నంత కాలం, అరెస్టు తప్పనిసరి అని అధికారి కారణాలు రాసి నమోదు చేస్తే తప్ప, మిమ్మల్ని ఆ కేసులో అరెస్టు చేయరాదు. అయితే నోటీసును పట్టించుకోకుండా ఇంట్లో కూర్చుంటే, అదే అరెస్టుకు కారణం కావచ్చు.

ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే సరిపోదని, చట్టం చెప్పిన పద్ధతిలోనే అందజేయాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అయినా ఆ లోపాన్ని పట్టుకుని వెళ్లకుండా ఉండమని నేను సలహా ఇవ్వను. న్యాయవాదిని వెంటబెట్టుకుని వెళ్లి, నోటీసు కాగితాన్ని అడిగి తీసుకోండి, హాజరైనట్టు రాతపూర్వకంగా నమోదు చేయమని కోరండి. రేపు ఎవరైనా మీరు రాలేదని అంటే మీ మాటకు ఆధారం ఆ కాగితమే.

ఇక అరెస్టు సంగతి. మీరు చెప్పిన వివరాలను బట్టి అక్రమ ప్రవేశానికి, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 329(3), అడ్డుకున్నందుకు 126(2) సెక్షన్లు పెట్టి ఉంటారు. మొదటిదానికి గరిష్ఠంగా మూడు నెలలు, రెండోదానికి ఒక నెల శిక్ష. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. నాగరిక సురక్షా సంహిత 35(7) మరో రక్షణ చేర్చింది: మూడేళ్లకు తక్కువ శిక్ష ఉన్న నేరంలో 60 ఏళ్లు దాటిన వారిని డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. పైగా ఈ రెండూ బెయిలబుల్ నేరాలే కనుక, ఒకవేళ అరెస్టు చేసినా పూచీకత్తు ఇస్తే స్టేషన్‌లోనే బెయిల్ ఇవ్వాలి. అది వారు చేసే మేలు కాదు, మీకున్న హక్కు.

మీ భార్య విషయంలో పోలీసులు అడుగుతున్నది సరికాదు. సాక్షి మహిళ అయితే ఆమె నివాసం దగ్గరే విచారించాలని, తానుగా ఇష్టపడితే తప్ప స్టేషన్‌కు రప్పించరాదని 179వ సెక్షన్ చెబుతోంది.

ప్రశ్న: ఉద్యోగాలు ఇప్పిస్తానని డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణతో మా తమ్ముడిని అరెస్టు చేసి రిమాండుకు పంపారు. కొత్త చట్టంలో పోలీసు కస్టడీ 60 రోజులని అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మొత్తం పోలీసు కస్టడీ పరిమితి ఇప్పటికీ 15 రోజులే. మారినది దాన్ని ఎప్పుడు వాడుకోవచ్చన్నది. పాత చట్టం కింద రిమాండు మొదలైన తొలి 15 రోజుల్లోనే పోలీసు కస్టడీ ఇవ్వాలని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు 187వ సెక్షన్ ప్రకారం ఆ 15 రోజులను విడతలుగా, పదేళ్లు అంతకు మించి శిక్ష ఉన్న నేరాలలో తొలి 60 రోజుల లోపు, మిగతా నేరాలలో తొలి 40 రోజుల లోపు ఎప్పుడైనా కోరవచ్చు. మోసానికి భారతీయ న్యాయ సంహిత 318(4) సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఏడేళ్లు కనుక మీ తమ్ముడికి వర్తించేది 40 రోజుల లెక్క. ఈ మార్పు నాకు నచ్చలేదు. జైలులో ఉన్న మనిషిని నెల దాటాక కూడా మళ్లీ స్టేషన్‌కు పిలిపించే అవకాశం ఉన్నంతకాలం, బెయిల్ పిటిషన్‌కు ‘ఇంకా కస్టడీ కావాలి’ అన్న అభ్యంతరం సులువుగా దొరుకుతుంది.

మీరు కేలండరులో గుర్తు పెట్టుకోవలసింది 60వ రోజు. రిమాండు విధించిన రోజును కూడా కలిపి లెక్కించి, ఆ గడువులోగా చార్జిషీటు దాఖలు కాకపోతే మీ తమ్ముడికి బెయిల్ హక్కుగా వస్తుంది. మన కోర్టుల్లో న్యాయవాదులు మాండేటరీ బెయిల్ అనేది దీన్నే. అయితే అది దానంతట అది రాదు, దరఖాస్తు వేయాలి, అదీ చార్జిషీటు దాఖలయ్యేలోగా వేయాలి. ఒక్క రోజు ఆలస్యం చేసి హక్కు పోగొట్టుకునే కుటుంబాలు ఉంటాయి.

అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారో లేదో కూడా కనుక్కోండి. నేరం ఏదైనా సరే, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఆ కారణాలు రాసి ఇవ్వాలని, వెంటనే కుదరని పరిస్థితిలో రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా అందజేయాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తీర్పు ఇచ్చింది. ఆ తేదీ తర్వాతి అరెస్టు అయితే, ఈ లోపం ఆధారంగా అరెస్టునూ రిమాండునూ ప్రశ్నించవచ్చు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హెల్ప్‌లైన్ నంబరు 15100.

ప్రశ్న: విచారణలో నేను చెప్పింది రాసుకుని సంతకం చేయమన్నారు, రెండు తెల్లకాగితాల మీద కూడా పెట్టించుకున్నారు. వాటితో నాకు శిక్ష పడుతుందా?
– ఒక యువకుడు, రాజమహేంద్రవరం

జవాబు: దర్యాప్తులో పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంపై సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్ చెబుతోంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై సాక్ష్యంగా రుజువు చేయడం కూడా కుదరదు. ఒక్క మినహాయింపు ఉంది: కస్టడీలో ఉన్నప్పుడు మీరు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు లేదా విషయం బయటపడితే, దానికి సూటిగా సంబంధించిన భాగం వరకు కోర్టు చూస్తుంది. తెల్లకాగితం ప్రమాదం ఇక్కడే ఉంది, దాని మీద తర్వాత రికవరీ పంచనామా రాసుకోవచ్చు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు సంతకం పెట్టించుకున్నారో రాసి, జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దగ్గర ఉంచుకోండి. సోదా జరిగి ఉంటే, 105వ సెక్షన్ ప్రకారం తప్పనిసరిగా తీయవలసిన వీడియో రికార్డింగును మీ న్యాయవాది ద్వారా కోర్టులో అడగండి.