ప్లేటులో రెండు ముద్దలు మిగిలితే మిగలనివ్వండి

ప్రశ్న: మేం ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలైంది. బాబుకి ఆరేళ్లు. మొదటిసారి పిల్లల డాక్టర్‌కి చూపిస్తే బరువు మీద ఓ కన్నేసి ఉంచమన్నారు. ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ కొట్టిపారేసింది. ‘బొద్దుగా ముద్దొస్తున్నాడు, దిష్టి పెట్టకండి’ అంది. ఎవరి మాట వినాలి? డైటింగ్ లాంటిదేమైనా చేయించాలా?

జవాబు: డాక్టర్ మాటే వినండి. డైటింగ్ మాత్రం వద్దు.

మావాడికి ఐదేళ్లప్పుడు మాకూ ఇదే ఎదురైంది. డాక్టర్ కంప్యూటర్ ఇటు తిప్పి గ్రాఫ్ చూపించారు. మూడేళ్లప్పుడు నడిమి గీత దగ్గరున్న చుక్క ఐదేళ్లకి 85 గీత దాటేసింది. ‘85వ పర్సెంటైల్’ అనగానే ర్యాంకు విన్నట్టు నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది, దాచడమెందుకు! తర్వాత అర్థమైంది. పోలిక కోసం పెట్టుకున్న అదే వయసు మగపిల్లల్లో నూటికి 85 మంది కన్నా మావాడి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క, ఎక్కువన్నమాట. 85 దాటితే అధిక బరువు, 95 చేరితే ఊబకాయం కింద లెక్క. మామూలుగా ఆ వయసులో పిల్లలు సన్నబడతారు. బీఎంఐ రెండేళ్ల తర్వాత మెల్లగా దిగి, ఐదారేళ్లకి మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. ఆ ఎక్కడం ముందే మొదలైతే జాగ్రత్త పడాలి. పైగా మన ఉపఖండం వాళ్ల ఒంట్లో అదే బీఎంఐకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. ‘85 దాటలేదుగా’ అని మనం నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఏం పెడుతున్నారని అడుగుతారేమో అని జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆయన అడిగింది వేరు: ‘ఎవరు తినిపిస్తారు?’

నేనే. ఎదురుగా ట్యాబ్‌లో బొమ్మలు, వాడి నోట్లో నా చెయ్యి. పరాయి దేశం, కొత్త ఉద్యోగం, పొద్దున ఎనిమిదికల్లా బయటపడాలి. వాడు తెరవైపు కళ్లప్పగించి నోరు తెరిచేవాడు, నేను ముద్ద పెట్టేసేవాణ్ని. పది నిమిషాల్లో ప్లేటు ఖాళీ. పిల్లాడు బాగా తింటున్నాడని నేనే సంబరపడేవాణ్ని. వాడికి కడుపు నిండిందో లేదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

అందుకే మీరు ముందు మార్చాల్సింది వంట కాదు, తినిపించే పద్ధతి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మీ చేతిలో ఉంచుకోండి. ఎంత తినాలన్నది వాడికి వదిలేయండి. ట్యాబ్ కట్టేసి, అందరూ కలిసి కూర్చుని, వాడి చేత్తో వాణ్ని తిననివ్వండి. మొదటి వారం నరకమే. సగం ఒలకబోస్తాడు, సగం వదిలేస్తాడు, గంటలో ఆకలంటాడు. మళ్లీ తినే వేళ దాకా మంచినీళ్లతో ఆగమనండి, ఏం కాదు. కొత్త కూర ఒకసారి ఉమ్మేశాడని ఇక వండటం మానకండి. కొందరు పిల్లలకి పది పదిహేను సార్లు కనబడితే గానీ రుచించదు. ‘ఇది తింటే అది కొంటా’ అనే బేరం మాత్రం పెట్టకండి.

మా అమ్మ ఆర్నెల్లు ఉండటానికి వచ్చినప్పుడు అసలు యుద్ధం జరిగింది.

‘వాడు తింటాడులేమ్మా, వదిలెయ్.’

‘ఏం తింటాడురా! రెండు ముద్దలు అలాగే వదిలేశాడు. అన్నం పారేస్తామా?’

ఆ రెండు ముద్దలూ ఆవిడే తినేసేది. ఇప్పటికీ ఆవిడతో వాదించి గెలిచింది లేదు. ఈసారి నుంచి తక్కువ వడ్డించి, అడిగితే మళ్లీ పెడదామని రాజీకొచ్చాం.

ఇక ఫ్రిజ్‌లో జ్యూస్ డబ్బాలు. పండేగా అనుకుని కొత్తగా వచ్చినవాళ్లంతా కొనేస్తారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అసలు పండ్ల రసానికే హద్దు పెట్టింది: ఏడాదిలోపు వద్దు, మూడేళ్ల దాకా రోజుకి సుమారు 120 మిల్లీలీటర్లు, ఆరేళ్ల దాకా 180కి మించకూడదు. పండు పండులాగే తింటే పీచు దక్కుతుంది. డబ్బా వెనక చక్కెర గ్రాములు చూసి నాలుగుతో భాగించండి, అన్ని టీస్పూన్లన్నమాట. నేను మొదటిసారి ఆ లెక్క వేసింది షాపులోనే. డబ్బా మళ్లీ అరలో పెట్టేశాను.

ఆట గురించి ఎక్కువ చెప్పను. ఐదేళ్లు దాటిన పిల్లలకి రోజూ గంటసేపు ఒళ్లు అలిసేలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. శనివారం ఆటల కోచింగ్‌లో లైన్లో నిలబడింది పోను వాడు పరిగెత్తేది పది నిమిషాలు. చలి అనకుండా కోటేసి బయటికి తోలండి, వెనక మీరూ నడవండి.

నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. ఈ వయసుకి 9 నుంచి 12 గంటలు కావాలి. మనవాళ్లకి అక్కడ తెల్లవారే వేళకి ఇక్కడ పిల్లలు పడుకోవాలి, సరిగ్గా అప్పుడే వీడియో కాల్! నిద్ర చాలని పిల్లలకి ఆకలి పెరుగుతుంది, చిరుతిళ్ల మీదికి మనసు పోతుంది. మేం కాల్ శనాదివారాల పొద్దుటికి మార్చుకున్నాం. ఓ నెల అలిగారు.

వాడి ముందు ‘లావు’ అనే మాట ఎత్తకండి. వాడొక్కడికే వేరే వంట వద్దు, ఇంటిల్లిపాదీ అదే తినండి. ఎదిగే పిల్లాడు కాబట్టి చాలాసార్లు బరువు తగ్గించక్కర్లేదు. బరువు నిలకడగా ఉండి ఎత్తు పెరిగితే గ్రాఫ్ దానంతటదే దారిలోకొస్తుంది. అది మీ డాక్టరే చెప్పాలి.

ఈసారి వెళ్లేటప్పుడు టీకాల పుస్తకం తీసుకెళ్లండి. అందులో పాత బరువులు, ఎత్తులు రాసి ఉంటే ఆయనకి ఇవ్వండి. లేకపోతే ఆయన గ్రాఫ్‌లో మీవాడిది ఒక్క చుక్కే, అది పైకి పోతోందో కిందికి దిగుతోందో ఎలా తెలుస్తుంది? రాత్రిళ్లు గట్టిగా గురక పెడుతున్నా చెప్పండి. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారిందేమో చూడండి. మురికనుకుని స్నానంలో తోమకండి, తోమితే పోయేది కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా అలా కనిపిస్తుంది. డాక్టర్‌కి చూపించి, రక్తపరీక్ష అవసరమేమో అడగండి.