అన్యాయమైన చట్టానికి లోబడాలా?

ప్రశ్న: పదమూడవ శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ చట్టాన్ని నాలుగు రకాలుగా విభజించాడని చదివాను. మనుషులు చేసిన చట్టం సహజ నియమానికి విరుద్ధమైతే పాటించనక్కర్లేదని ఆయన నిజంగా అన్నాడా? అలాగైతే ఎవరికి నచ్చని చట్టాన్ని వారు పక్కన పెట్టేయరా?

జవాబు: ఆ భయం అక్వినాస్‌కూ ఉంది. అందుకే ఆయన జవాబు మీరు చదివినంత సూటిగా లేదు.

ముందుగా ఆ నాలుగూ. సృష్టినంతటినీ నడిపే దేవుని ప్రజ్ఞ నిత్య నియమం. అందులో మనిషి తన బుద్ధితో పాలుపంచుకునేది సహజ నియమం. మంచిని చేయాలి, చెడును మానాలి అన్నది దాని మొదటి సూత్రం. దాన్ని ఆయా సమాజాలకు తగినట్టు మలిస్తే మానవ చట్టం. బుద్ధికి అందని గమ్యం వైపు నడిపించేందుకు బైబిల్ లేఖనాల ద్వారా అందినది దైవ నియమం.

ఇక అసలు విషయం. చట్టం అన్యాయమైనదని తేల్చడానికి మన ఇష్టాయిష్టాలు కొలమానం కావు. పాలకుడు ప్రజల మేలు వదిలి తన దురాశ కోసం చేశాడా, తనకు లేని అధికారం చెలాయించాడా, భారాన్ని అందరిపైనా న్యాయంగా పంచకుండా కొందరి మీదే మోపాడా? ఇవీ ఆయన అడగమన్న ప్రశ్నలు. అలాంటి చట్టం మనస్సాక్షిని కట్టడి చేయదు. అయినా దాన్ని ధిక్కరిస్తే అల్లకల్లోలం రేగేటట్టయితే మన హక్కును వదులుకునైనా ఓర్చుకోవలసి రావచ్చు అంటాడు. విగ్రహారాధన చేయమనేలా, దైవాజ్ఞకే ఎదురుగా నిలిచే చట్టాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ పాటించకూడదు.

ఆ ఓర్పు దగ్గర నాకు అభ్యంతరం ఉంది. శాంతి పేరుతో సర్దుకుపొమ్మన్న మాట ఎప్పుడూ భారం మోస్తున్నవాడికే వినిపిస్తుంది, మోపినవాడికి కాదు.

మంచి చట్టానికి కూడా ఆయన గుడ్డిగా లోబడమనలేదు. ముట్టడిలో ఉన్న నగరపు ద్వారాలు తెరవకూడదని శాసనం ఉంది. నగరాన్ని కాపాడుతున్న సొంత పౌరులనే శత్రువులు తరుముకొస్తుంటే? తెరవాల్సిందే, శాసనకర్త కోరింది నగర రక్షణే కదా అంటాడు. అయితే పై అధికారిని అడిగే వ్యవధి ఉంటే అడిగి తీరాలి. అంత వ్యవధి లేని ఆపదలో మాత్రమే సొంత నిర్ణయం చెల్లుతుంది. మీరు భయపడిన అరాచకానికి ఆయన వేసిన కట్ట ఇదే.

1963లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన లేఖలో నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ అక్వినాస్‌ను ప్రస్తావించి, నల్లవారిని తెల్లవారి నుంచి వేరుచేసే జాతి విభజన చట్టాలు అన్యాయమైనవని వాదించాడు. అన్యాయమైన చట్టాన్ని ఉల్లంఘించేవాడు బహిరంగంగా, ప్రేమతో, శిక్షకు సిద్ధపడి ఆ పని చేయాలని కూడా అందులోనే రాశాడు. తనకు నచ్చని చట్టాన్ని చాటుగా ఎగ్గొట్టేవాడు శిక్షను ఎన్నడూ కోరుకోడు.