లై డిటెక్టర్ సంగతి వదిలెయ్, అటెస్టేషన్ ఫామ్ జాగ్రత్తగా నింపు

తమ్ముడూ, కంచన్‌బాగ్ డిఫెన్స్ ల్యాబ్‌లో జాబ్ వచ్చింది, జాయినింగ్‌కి ముందు లై డిటెక్టర్ పెడతారంట అని నీ రూమ్మేట్ భయపెట్టాడన్నావ్ కదా, అది అమెరికా ముచ్చట. అక్కడ సీఐఏ, ఎన్ఎస్ఏ లాంటి గూఢచారి సంస్థల్లో చేరాలంటే పాలిగ్రాఫ్ (అదే లై డిటెక్టర్) ఉంటది, 1988లో దాన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చినా అది ప్రైవేటు కంపెనీలకే, గవర్నమెంట్ ఉద్యోగులకి వర్తించదు. ఆ మెషిన్ చూసేది ఊపిరి, బీపీ, చెమట అంతే, అబద్ధాన్ని కాదు, 2003లో అక్కడి సైంటిస్టుల సంస్థ నేషనల్ రీసెర్చ్ కౌన్సిలే ఉద్యోగుల్ని వడపోయడానికి దీన్ని నమ్ముకోవద్దని చెప్పింది. మన దగ్గరైతే 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు క్రిమినల్ కేసైనా ఇంకోటైనా ఇష్టం లేకుండా ఎవరికీ ఈ టెస్ట్ చెయ్యొద్దంది.

నువ్వు అసలు భయపడాల్సింది అటెస్టేషన్ ఫామ్‌కి, అంటే చేరే ముందు నీ వివరాలు, పాత కేసులు రాసిచ్చే ఫామ్‌కి. పాత కేసు ఏదన్నా ఉంటే, కొట్టేసినా సరే, అడిగిన కాలమ్‌లో రాసెయ్, కేసు చిన్నదే అయినా దాచావని పోలీస్ వెరిఫికేషన్‌లో తేలితే ఉద్యోగమే పోవచ్చు.

నిన్ను సంతకం పెట్టమన్న కాగితం 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్‌ది, అంటే ప్రభుత్వ రహస్యాలు కాపాడే చట్టానిది. రహస్యాలు బయటపెడితే సెక్షన్ 5 కింద మూడేళ్ల దాకా జైలు, రిజైన్ చేసి బయటికొచ్చినా వర్తిస్తది.

లింక్డిన్‌లో ప్రాజెక్ట్ పేరు పెట్టొచ్చా అన్నావ్, అస్సలొద్దు, హోదా వరకే రాసుకో, అదీ లోపల సెక్యూరిటీ ఆఫీసర్‌ని అడిగాకే. జీతం ఎంతో మాత్రం అమ్మకి చెప్పుకోవచ్చులే.